కాపలా సంతకం

“ఓడకి అడ్రసు లేకపోవటం ఏందే? మనిషి ఉన్నచోటికి అడ్రసు ఉండదా?” అంది ఎస్తేరు మూడోసారి.

గోంగూర పచ్చడి సీసా ఆమె ఒళ్ళో ఉంది. మూతమీద పాలకవరు చుట్టి, దానిమీద రబ్బరు బ్యాండు వేసి, మళ్ళీ ఇంకో కవరు చుడుతోంది. మిరపకాయల తొడిమలు తీసీ తీసీ వేళ్ళ చివర్లు మండుతున్నాయేమో, మధ్యమధ్య చెయ్యి విదిలిస్తోంది.

“ఉండదు పెద్దమ్మా. ఓడ ఆ అరబ్బు దేశం రేవులో లేదు. రేవుకి నాలుగు మైళ్ళ అవతల, నడి నీళ్ళలో లంగరేసి ఉంది. అక్కడికి కొరియర్ అబ్బాయి ఎట్టా పోతాడు?” అంది ప్రిస్కిల్లా.

“పడవలో నీళ్ళూ బియ్యం తీసకపోతున్నారంటివి గదా. ఆ పడవాయనకి పంపితే పోలా?”

“ఆ పడవాయన ఎవరో నాకేం తెలుసు?”

“రెండేళ్ళ బట్టి సముద్రం లా చదువుతుండావు. సముద్రంలో పడవాయన తెలీదంటావు.” ఎస్తేరు నవ్వలేదు. నిజంగానే అడిగింది.

కుట్టుమిషను దగ్గర నుంచి ప్రిస్కిల్లా తల్లి నిర్మల కల్పించుకుంది. “అక్కా, నిన్న ఆ కొరియర్ ఆయన ఏం చెప్పాడు? పిన్ కోడు లేందే కంప్యూటర్ తీసుకోదన్నాడు. ఆ సీసా పక్కన పెట్టు. నూనె కారి చీరంతా అయితది.”

“నీకు చీర బాధ. మావోడు ఆ ఓడ మీద ఎనిమిది నెల్ల బట్టీ ఉత్తన్నం తింటుండాడు.”

“నేనేమన్నా తినొద్దన్నానా?”

“అనలేదులే. సీసా పక్కన పెట్టమన్నావు, అంతే.”

నిర్మల మిషను చక్రం గట్టిగా తిప్పింది. తోడికోడళ్ళిద్దరూ ఒకే ఇంటిని రెండు వాటాలు చేసుకుని ఇరవయ్యేళ్ళుగా ఉంటున్నారు. కోపం వస్తే ఒకరు మిషను తొక్కుతారు, ఒకరు వాకిలి ఊడుస్తారు. ఎస్తేరు సీసాని చాపమీద పెట్టి చీపురు అందుకుంది.

ప్రిస్కిల్లా ల్యాప్‌టాప్ తెరిచింది. విశాఖపట్నంలో ఆమె చదివేది ఎల్.ఎల్.ఎమ్., సముద్ర న్యాయం. సిద్ధాంత వ్యాసం ఇవ్వడానికి ఇంకా ఇరవై రెండు రోజులే ఉంది. ఓడకీ, అది ఎగరేసే జెండా దేశానికీ మధ్య నిజమైన సంబంధం ఉండాలా వద్దా అన్నది ఆమె రాస్తున్న విషయం. మూడు అధ్యాయాలు అయ్యాయి. నాలుగో అధ్యాయంలో ఉండగా, పెద్దమ్మ కొడుకు ఏసుబాబు అన్న పనిచేసే ఓడ యజమాని ఫోను తీయడం మానేశాడు. ఆ ఓడ ఏ ద్వీపం జెండా ఎగరేస్తోందో, ఆ ద్వీపానికి ఆమె ఏడు ఉత్తరాలు రాసింది. ఏడోదానికి జవాబు వచ్చింది. బీమా కట్టలేదు కనుక ఆ ఓడ పేరు తమ పుస్తకంలో నుంచి కొట్టేశామనీ, ఇక దానితో తమకు సంబంధం లేదనీ రెండు లైన్లు.

ఆ రెండు లైన్లనీ ఆమె నాలుగో అధ్యాయంలో ఉదాహరణగా చేర్చింది. చేర్చాక ఒక పూటంతా అన్నం సయించలేదు.

మంగళవారం, శనివారం ఓడ దగ్గరికి నీళ్ళ పడవ వస్తుంది. ఓడలో కరెంటు లేదు. పడవ ఆగిన గంటసేపట్లో దాని బ్యాటరీకి తగిలించి ఫోన్లు చార్జి చేసుకుంటారు. అందుకని మంగళవారం మధ్యాహ్నమూ, శనివారం మధ్యాహ్నమూ ఇంట్లో ఎవరూ పనికి పోరు. నాపరాళ్ళ పాలిషింగ్ మిల్లు నుంచి ప్రిస్కిల్లా నాన్న శౌరి కూడా భోజనాల వేళకే వచ్చేస్తాడు, చెవుల్లో తెల్ల దుమ్ముతోనే.

ఆ మంగళవారం ఒంటిగంటన్నరకి ఫోను మోగింది. తెరమీద ఏసుబాబు మొహం కదలకుండా నిలిచిపోయి, కాసేపటికి కదిలింది. గడ్డం పెరిగింది. వెనక తుప్పు పట్టిన గోడ.

“తిన్నావా నాయనా?” అంది ఎస్తేరు.

“తిన్నా.”

“ఏం తిన్నావు?”

“అన్నమే. సుహైల్ అన్న ఉల్లిపాయ వేయించి పెట్టాడు. అమ్మా, టైం లేదు. చెల్లికియ్యి.”

పక్కనుంచి ఇంకో మొహం తొంగిచూసింది. నలభైకి దగ్గర పడుతున్న మనిషి, ఓడలో వంటవాడు, మాచర్ల సుహైల్. పద్నాలుగేళ్ళుగా ఓడల మీదే ఉన్నాడు. ఏసుబాబుకి ఈ ఓడలో పని చూపించింది అతనే. పదమూడు మందిలో పదకొండు మంది క్రిస్మస్ ముందే దిగిపోయారు. మిగిలింది వీళ్ళిద్దరు.

“సలాం చెల్లెమ్మా. ఈడ రంజాన్ రోజా పట్టటానికి చానా బాగుందిలే, ఎట్టాగూ తినేదేం లేదు” అని నవ్వాడు సుహైల్. “నువ్వేదో కాయితం రాస్తున్నావంట గదా. పంపు. నువ్వు రాసింది ఏదైనా సంతకం పెడతా. నాకు చదివేది రాదు, పేరు గీకటం వచ్చు.”

“సరే అన్నా. ముందు మీకు అక్కడి అధికారులు ఇచ్చిన కాగితాలన్నీ ఫొటోలు తీసి పంపండి. అన్నీ. చిన్న చీటీ అయినా సరే.”

ఫొటోలు ఒక్కొక్కటిగా వచ్చాయి. ఆరోది వచ్చాక మాట ఆగిపోయింది. పడవ వెళ్ళిపోయింది.

ఆరో ఫొటోని ప్రిస్కిల్లా వేళ్ళతో పెద్దది చేసి చూసింది. పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు తర్జుమా. ఓడని కోర్టు జప్తు చేసింది. జప్తులో ఉన్న ఓడకి ఏసుబాబుని కాపలాదారుగా నియమించింది. ఓడ వేలంలో అమ్ముడుపోయేవరకు గానీ, కోర్టు మరొకరిని ఆ స్థానంలో నియమించేవరకు గానీ అతను ఓడను విడిచి పోరాదు. పాస్‌పోర్టు కోర్టు దగ్గర ఉంటుంది. కింద ఏసుబాబు సంతకం, డిగ్రీ పరీక్షల్లో పెట్టినట్టే గుండ్రంగా, కింద రెండు చుక్కలతో.

తారీఖు చూసింది. డిసెంబరు పద్దెనిమిది.

రెండున్నర నెలలుగా ఆమె రాసిన అర్జీలన్నీ, యజమాని వదిలేసి పోయిన నావికుణ్ణి ఇంటికి చేర్చమని. యజమాని వదిలేసినవాణ్ణి చేర్చొచ్చు. కోర్టు పట్టి ఉంచినవాణ్ణి ఆ అర్జీలేవీ కదిలించలేవు.

శౌరి పెరట్లో తొట్టి దగ్గర చెవులు కడుక్కుంటున్నాడు. చెంబుతో నీళ్ళు పోసుకుని, తువ్వాలు చివర మెలిపెట్టి చెవిలో తిప్పి, దానికంటిన తెల్లటి బురదని చూసి మళ్ళీ తిప్పుతున్నాడు.

“నాన్నా, డిసెంబర్లో అన్న ఏదో కోర్టు కాగితం మీద సంతకం పెట్టాడు. నీకు తెలుసా?”

“నేనే పెట్టమన్నా.”

“నువ్వా?”

“ఆ. వాడు ఫోన్ చేశాడు. బాబాయ్, ఓడ నీ స్వాధీనంలో పెడతాం, ఒప్పుకుంటావా అంటున్నారన్నాడు. నేను గంతేసి, పెట్టరా ఎదవా అన్నా.” తువ్వాలు పిండి దండెం మీద వేశాడు. “మన కాలవ కట్ట మీది అరెకరం ఎట్టా దక్కింది మనకి? పన్నెండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగా. కాయితాలు వాళ్ళయి మంచియి, మనయి కాదు. కానీ చేలో ఉంది మనం. మీ నానమ్మ చచ్చినరోజు గూడా మీ పెదనాన్న చేను వదల్లా. స్వాధీనం ఎవుడిదో వాడిదే భూమి. ఆఖరికి జడ్జి గూడా అదే అన్నాడు.”

“అది భూమి నాన్నా.”

“భూమి అయితే ఏంది, ఓడ అయితే ఏంది? నువ్వే గదా చెప్పావు?”

“నేనా!”

“క్రిస్మస్ పండగనాడు, ఆ అరుగుమీద కూకొని. ఓడ అమ్మితే వచ్చిన దాంట్లో ముందు పనోళ్ళ జీతాలే ఇవ్వాలి, బ్యాంకువోడు గూడా వాళ్ళ తర్వాతే అని. ఓడ మీద మొదటి హక్కు నావికుడిదే అన్నావు. అప్పటికే నేను వాడికి చెప్పి వారమయింది. నువ్వన్నాక ఇంకా ధైర్యం వచ్చింది. మళ్ళీ ఫోన్ చేసి, ఏం జరిగినా ఓడ దిగబాకు అన్నా.”

ఆ రోజు తను ఎంత ఉత్సాహంగా చెప్పిందో ప్రిస్కిల్లాకి గుర్తుంది. కేకు ముక్క చేతిలో పట్టుకుని, ఇంటి వాళ్ళంతా మొదటిసారి తన చదువు గురించి వింటున్నారని పొంగిపోతూ చెప్పింది. ఓడ మీద హక్కు ఉండాలంటే ఓడ మీద కూర్చోనక్కర్లేదనీ, ఊళ్ళో ఉన్నా ఆ హక్కు పోదనీ చెప్పలేదు. అది చెప్పాల్సిన మాట అని అప్పుడు తోచలేదు.

“దిగినా జీతం పోదు నాన్నా” అంది నెమ్మదిగా. “కానీ సంతకం పెట్టాక దిగటానికి లేదు.”

శౌరి ఆమె మొహంకేసి చూశాడు. చెంబు బోర్లించాడు. “అయితే తీసేపిద్దాం. కోర్టుకి చెప్పి తీసేపియ్యి. చదివావుగా.”

బుధవారం పొద్దున ఆమె ప్రొఫెసరు గారికి ఫోను చేసింది. ఆయన నావికుల సంఘం వాళ్ళ నంబరు ఇచ్చారు. ఆ రేవులో సంఘం తరఫున ఉండే ఇన్‌స్పెక్టరు ఒక పెద్దావిడ. ఓపిగ్గా మాట్లాడింది. వేలం ఎప్పుడు అంటే, కొనేవాళ్ళు రావాలి కదా అంది. ముసలి ఓడ, ఏడాది పట్టినా పట్టొచ్చు. కోర్టుకి కావలసింది ఓడ మీద ఒక మనిషి. ఇంకొక మనిషి ఆ స్థానంలో ఉంటానని రాసిస్తే ఇతని పేరు తీసేస్తారు. సంఘం తరఫున మనిషిని పెట్టలేమా అంటే, వాళ్ళకి అలాంటి ఓడలు ఆ ఒక్క రేవులోనే తొమ్మిది ఉన్నాయట.

“రెండో మనిషి సంగతి?” అని అడిగింది ప్రిస్కిల్లా.

“వంటాయనా? ఆయన్ని ఎవరూ ఆపలేదే. ఇంటికి పోతానని నాలుగు ముక్కలు రాసిస్తే మర్నాడు విమానం ఎక్కిస్తాం. శనివారం పడవలో మా మనిషి వెళ్తాడు. మీరు ఏ కాగితం పంపినా ప్రింటు తీసి సంతకం పెట్టించుకొస్తాడు” అంది ఆవిడ.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ప్రిస్కిల్లా విన్నదంతా చెప్పింది. తెలుగులో చెబుతుంటే అది ఇంకా చిన్న విషయంలా, ఇంకా దారిలేని విషయంలా అనిపించింది. నిర్మల గరిటె గిన్నెలో వదిలేసి వింది. ఎస్తేరు కంచం పట్టుకున్న చెయ్యి కంచం మీదే ఉంది.

మొదట మాట్లాడింది శౌరి.

“ఇంకొకడు ఉంటే చాలంటివి గదా. ఉన్నాడుగా ఇంకొకడు.”

“నాన్నా!”

“ఏంది నాన్న? తప్పా? వాడేగా తీసకపోయింది? మంచి ఓడ, మంచి కంపెనీ అని ఈ గడపలో కూకొని చెప్పాడా లేదా? మన పిల్లోడికి ఇరవై నాలుగేళ్ళు. ఆ సుహైల్‌కి ఓడలు అలవాటు. పద్నాలుగేళ్ళు ఉన్నోడు ఇంకో ఏడాది ఉండలేడా?”

“ఆయన ఒప్పుకోవాలి గదా” అంది నిర్మల.

“ఒప్పుకోవటం ఏంది? నిన్న మనందరి ముందరే అన్లా? నువ్వు రాసింది ఏదైనా పెడతా అని.”

“ఏం రాశానో తెలిస్తే అనడు” అంది ప్రిస్కిల్లా.

ఎస్తేరు కంచం కింద పెట్టింది. జరిగి ప్రిస్కిల్లా దగ్గరగా వచ్చి, అన్నం అంటిన చేత్తోనే ఆమె మోకాలు పట్టుకుంది. “అమ్మాయ్, నాకు ఒక్కడే. వాళ్ళ నాన్న పోయినాక వాణ్ణి ఎట్టా చదివించానో నీకు తెలుసు. ఆయన పెద్దోడు, తట్టుకుంటాడు. మావోడు మొన్న ఏమన్నాడో నీకు చెప్పలా. పొద్దున లేస్తే నీళ్ళు, సాయంత్రం నీళ్ళు, అమ్మా నాకు ఆ నీళ్ళలోకి నడిచిపోదామనిపిస్తుందన్నాడు. రాయవే. నీకు దణ్ణం పెడతా.”

“పెద్దమ్మా, లే. ముందు లే.”

“రాస్తావా?”

ప్రిస్కిల్లా లంగామీద అన్నం మెతుకులు రెండు అంటుకున్నాయి. వాటిని తీస్తూ, “రాస్తా” అంది.

గురువారం పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా రాసింది. ఇన్ని నెలలుగా రాసినవాటిలో ఇంత చక్కగా కుదిరిన కాగితం లేదు. ‘నేను, కింద సంతకం చేసిన సుహైల్, ఓడలో వంటవాణ్ణి, పై వ్యక్తి స్థానంలో కాపలాదారుగా ఉండటానికి నా ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను.’ ఇంగ్లీషులో ఆ వాక్యం ఇంకా మర్యాదగా ఉంది. ఇష్టపూర్వకంగా అనే మాటని రెండుసార్లు తీసేసి రెండుసార్లు పెట్టింది. అది లేకపోతే కోర్టు ఒప్పుకోదు.

శుక్రవారం పదకొండింటికి వాకిట్లో ఒక ఆడమనిషి నిలబడి, “ఎస్తేరమ్మగారి ఇల్లు ఇదేనా?” అంది. నల్ల బురఖా మీద బస్సు దుమ్ము. ముప్పై అయిదేళ్ళుంటాయి.

“నేను బషీరున్నీసాని. మాచర్ల. సుహైల్ గారి భార్యని.”

ఎస్తేరు చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. నిర్మల లేచి కుర్చీ వేసింది. ఆమె కుర్చీలో కూర్చోలేదు, మిషను పక్కన చాపమీద కూర్చుంది.

“కాఫీ పెడతా.”

“రోజా వదినా. వద్దు.”

“మంచినీళ్ళన్నా...” అనబోయి నిర్మల నాలిక కరుచుకుంది.

బషీరున్నీసా నవ్వింది. “పర్లేదులే. మా పక్కింటి రాములమ్మ గూడా రోజూ అడిగిద్ది, పదేళ్ళబట్టి.” తర్వాత ప్రిస్కిల్లా వైపు తిరిగింది. “నువ్వేనా చెల్లెమ్మా? నా కన్నా చానా చిన్నదానివి. మా ఆయన చెప్తుంటే పెద్ద లాయరమ్మ అనుకున్నా. మంగళవారం మాట్టాడాడు. గురజాల చెల్లెమ్మ కాయితం పంపిస్తంది, ఇంక ఇద్దరం వచ్చేస్తాం అన్నాడు. ఫోన్లో అడగటానికి మనసొప్పక వచ్చా. పండక్కి వస్తారా?”

ప్రిస్కిల్లా నోరు తెరిచింది. “చూస్తున్నాం అక్కా. రేపు... రేపు పడవలో కాగితం వెళ్తుంది” అంది.

అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు అందులో.

మిషను మీద హుక్సులు కుట్టాల్సిన జాకెట్లు అయిదారు కుప్పగా ఉన్నాయి. ఊరికే కూర్చోలేని చేతులు బషీరున్నీసావి. మాట్లాడుతూనే ఒకటి అందుకుంది, సూదిలో దారం ఎక్కించింది, “కుట్టొచ్చా వదినా?” అంది, జవాబుకి ఆగకుండా మొదలుపెట్టింది. ఒక్కో హుక్కుకీ నాలుగు కుట్లు, ఒక ముడి, పంటితో దారం తెంపడం.

“క్రిస్మస్సుకి ముందు ఇంటికి పంపే లిస్టులో ఆయన పేరుంది తెలుసా” అంది దారం తెంపి. “టికెట్టు గూడా వచ్చింది. నేను పిల్లలకి చెప్పేశా, మీ అబ్బా వస్తున్నాడని. తెల్లారి ఫోన్ చేసి రావట్లేదన్నాడు. ఎందుకయ్యా అంటే, ఆ పిల్లోడికేదో కోర్టు పని పడింది, వాడొక్కణ్ణీ వదిలి ఎట్టా వస్తా, నేనే గదా తీసుకొచ్చింది, రేపు వాళ్ళమ్మకి ఏం మొహం చూపిస్తా అన్నాడు. నేను తిట్టా. చానా తిట్టా. పదిరోజులు మాట్టాడలా.” ఇంకో హుక్కు తీసుకుంది. “ఇప్పుడు మీ మొహం చూస్తుంటే అనిపిస్తంది అమ్మా, తిట్టకుండా ఉండాల్సింది.”

ఎస్తేరు తల వంచుకుని తొడిమలు తీస్తోంది. తీసిన కాయల్ని తొడిమల కుప్పలో వేస్తోంది.

ఆయన దిగుతానంటే రేపే దిగొచ్చన్న మాట ప్రిస్కిల్లా నోటిదాకా వచ్చింది. అది చెబితే ఈమె ఈ నిమిషమే ఫోను తీసి ఆయనకి కబురు పెడుతుంది. రేపు సంతకం పెట్టేవాడు ఉండడు. చెప్పకపోతే ఈమె కుట్టిన ప్రతి హుక్కూ... ప్రిస్కిల్లా లేచి పెరట్లోకి వెళ్ళింది. తొట్టి దగ్గర నిలబడింది. చేసేది ఏమీ లేక మొహం కడుక్కుంది. తిరిగి వచ్చేసరికి అయిదో జాకెట్టు మడత పెట్టి ఉంది. బషీరున్నీసా బురఖా దులుపుకుంటోంది.

“రెండున్నర బస్సు పోతే మళ్ళీ పిల్లలు బడి నుంచొచ్చేసరికి అందుకోలేను. వస్తా అమ్మా. చెల్లెమ్మా, నీకు దువా చేస్తా.”

నిర్మల ఆమెతో పాటు బస్టాండుదాకా వెళ్ళింది. ఎస్తేరు లేవలేదు. చాలాసేపటి తర్వాత తొడిమల కుప్పని ముందుకు లాక్కుని, అందులో పడ్డ కాయల్ని ఏరడం మొదలుపెట్టింది.

శనివారం పొద్దున శౌరి మిల్లుకి పోలేదు. ఈస్టరు ముందరి తపస్సు కాలం పూజకి చర్చికి వెళ్ళి వచ్చి, చొక్కా మార్చుకోకుండానే ప్రిస్కిల్లా పక్కన కూర్చున్నాడు. తెరమీద కాగితం ఉంది. పంపడానికి ఒక్కసారి వేలు ఆనిస్తే చాలు.

“ఎన్నింటికి పంపాలన్నారు?”

“పదిలోపు.”

“తొమ్మిదిన్నరయింది. పంపెయ్యి మరి.”

“పంపుతా.”

“ఇంకెప్పుడే? పడవ పోయినాకనా?”

నిర్మల టీ గ్లాసులు తెచ్చి నలుగురి ముందూ పెట్టింది. ఎస్తేరు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుంది. టీ తీసుకోలేదు.

“ఆ కాయితం పంపబాకు” అంది.

గొంతు పెద్దది చేయలేదు. శౌరి వినలేదేమో అన్నట్టు చూశాడు.

“ఇంకోటి రాయి అమ్మాయ్. సుహైల్ ఇంటికి పోతానంటున్నాడని. అదయితే మర్నాడే విమానం ఎక్కిస్తామన్నారంటివి గదా.”

“వదినా, నీకేమన్నా మతిపోయిందా? అప్పుడు మనోడు ఒంటిగాడయిపోతాడు. ఆ ఓడ మీద, కరెంటు లేకుండా. పలకరించే మనిషుండడు” అన్నాడు శౌరి. “నేను పెట్టమన్నా వదినా ఆ సంతకం. నేను చేసింది. నన్నన్నా దిద్దుకోనియ్యి.”

“ఇట్టాగా దిద్దుకునేది?” అంది ఎస్తేరు. “మనోడికి చదువొచ్చు. చదివి పెట్టాడో చదవకుండా పెట్టాడో, చదవగలిగి పెట్టాడు. ఆయనకి రాదు. రానోడి ముందర కాయితం పెట్టి, చెల్లెమ్మ రాసింది పెట్టయ్యా అంటే పెడతాడు. పెట్టి, నవ్వుతా మనకి సలాం చెప్తాడు. నేనా సలాం వినలేను.”

“ఆయన పోనంటే?” అంది నిర్మల మెల్లగా. “పోయినసారి అన్నట్టు.”

“అందుకే చెబుతుండా. ఒంటిగంటకి ఫోనొస్తే ఎవురూ ముట్టుకోబాకండి. ముందు ఆయనతో మాట్టాడతా, మీ పిల్లలకాడికి పోవయ్యా అని. తర్వాత మావోడితో మాట్టాడతా. వాడు ఏడిస్తే గూడా నాతోనే ఏడుస్తాడు.” చీర కొంగు భుజం మీద సర్దుకుంది. “ఉండేది మావోడే. అట్టా రాయి.”